గోడకు వదిలిన కన్నాలు

అల్వాల్‌లో అపార్ట్‌మెంట్ గోడ కూలి వృద్ధురాలి మృతి అని పేపర్లో ఓ మూల నాలుగు లైన్లు వేశారు. ఆ వృద్ధురాలు మా సోషల్ టీచర్. సీతాఫల్‌మండి బడిలో చదివిన మా అందరికీ, రాయి కూడా అరుగుతుందని చెప్పిన మనిషి.

చెప్పడమంటే పుస్తకం చదివించడం కాదు. బడి వెనక బండ దగ్గరికి తీసుకెళ్లి, పొర లేచిన చోట మా చేతులు పెట్టించేవారు. "ఎండకు ఉబ్బుతది, సల్లవడితే ముడుసుకుంటది. గట్ల ఎన్నేండ్లకో ఉల్లిగడ్డ లెక్క పొట్టు ఊడుతది" అనేవారు. కింద రాలిన మొరాన్ని దోసిట్లోకి తీసుకుని, "మట్టి యాడికీ పోదు బిడ్డా, జాగ మారుస్తది" అనేవారు. వినకుండా అల్లరి చేస్తే చెవి కూడా మెలిపెట్టేవారు. దేవత అని రాస్తే ఆవిడకే నచ్చదు.

రిటైరయ్యాక, గుట్టను సగం కోసి కట్టిన అపార్ట్‌మెంట్లో ఉండేవారు. మిగిలిన గుట్ట జారిపడకుండా వెనక రాతిగోడ. గోడ వెనక చేరే నీళ్లు బయటికి పోవడానికి మేస్త్రీ దానికి కన్నాలు వదిలాడు. వానాకాలం వాటిలోంచి ఎర్రనీళ్లు కారి పార్కింగ్ పాడవుతోందని అందరికీ చిరాకు. వాన పడ్డ ప్రతి పొద్దునా టీచర్ ఇనుప చువ్వతో ఆ కన్నాల్లో మట్టి తీసేవారు. చూడ్డానికి నేను వెళ్తే ముందు చువ్వ చేతికిచ్చేవారు, టీ తర్వాతే.

ఈ ఎండాకాలం రంగులు వేయిస్తూ ఆ కన్నాలన్నిటినీ సిమెంటుతో పూడ్చేశారు. గోడ నున్నగా, చూడముచ్చటగా తయారైంది. అపార్ట్‌మెంట్ వాళ్ల మీటింగులో టీచర్ మొత్తుకున్నారు.

"ఎనక నీళ్లు నిలుస్తయి. మన్ను నానితే గోడ ఆగదు. వాచ్‌మన్ పిల్లలు దాని పక్కనే పండుకుంటున్నరు."

"జెర పరేషాన్ కాకుండ్రి మేడమ్, రాతిగోడ అది" అన్నాడు సెక్రటరీ. అందరూ నవ్వారట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

మొన్న ముసురు పట్టింది. గోడ నడుమ ఉబ్బింది. తెల్లారగానే అది చూసి టీచర్ వాచ్‌మన్ ఉండే రేకుల గదికి పరుగెత్తారు. తర్వాతి సంగతి వాచ్‌మన్ భార్య నాకు చెప్పింది.

"పిల్లల్ని ఎత్తుకొని ఉరుకు అన్నది అక్కా. పొయ్యి మీద అన్నమున్నది మేడమ్ అన్న. గ్యాస్ నేను బంద్ జేసొస్త, నువ్వు పో అన్నది. గంతే. పిల్లలతోని గేటు దాటిన్నో లేదో ఎనక సప్పుడైంది."

నాకు ఏడుపుకన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఇంకా తగ్గలేదు.

నేను వెళ్లేసరికే టీచర్‌ను తీసుకెళ్లిపోయారు. గోడ పడ్డ చోట పెద్ద రాళ్లు, కాస్త ఇవతల మొరం, ఇంకా ఇవతల ఇసుక, గేటు దగ్గర మెత్తటి ఒండ్రు. బరువైనవి ముందే ఆగాయి, తేలికైనవి దూరం వచ్చాయి. సెక్రటరీ కళ్లు తుడుచుకుంటూనే పైపు పట్టించి పార్కింగ్ కడిగిస్తున్నాడు. ఎర్రటి బురద నా చెప్పుల మీదుగా గేటు దాటి, రోడ్డు పక్క మోరీలోకి నెమ్మదిగా జారిపోతోంది.