ఒక్క గడియారాన్ని నమ్మినవాడు

గడియారాల మేస్త్రి ఒక్క గడియారాన్ని ఎన్నడూ నమ్మినవాడు కాదు. దుకాణం గోడ మీద నాలుగుంటాయి. వాటిలో మూడు ఒకే మాట చెబితేనే బాగుచేసినదాని ముల్లు తిప్పుతాడు. కట్టుకున్న పెళ్లాం టైము చెప్పినా కిటికీలోంచి ఎండ చూసుకునే రకం.

అలాంటి మనిషీ పప్పులో కాలేశాడు. దుకాణం గది అమ్మకానికొచ్చింది. కొనుక్కోకపోతే ఖాళీ చేయాలి. అతని దగ్గర విలువైనదల్లా గురువుగారు పోతూ పోతూ చేతిలో పెట్టిన నిలువెత్తు గడియారం. దానికి క్రిప్టో అనే కంప్యూటరు డబ్బిచ్చే ఆసామి ఉన్నాడని బావమరిది కబురు తెచ్చాడు. దుకాణంలోని పాత కంప్యూటర్లో ఆ డబ్బు లెక్క చూపే ప్రోగ్రాం పెట్టిందీ బావమరిదే. ఈ డబ్బుకు బ్యాంకంటూ ఉండదట. ఎవరు ఎవరికిచ్చారో కంప్యూటర్లే ఒకదాన్నొకటి అడిగి తేల్చుకుంటాయట. మన కంప్యూటరు వేరే ఎనిమిదింటిని అడుగుతుంది, కావాలంటే సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

"ఈ డొక్కు మిషనుకి ఎనిమిదెందుకు బావా? ఒక్కటి చాలు, చకచకా నడుస్తుంది."

మేస్త్రి గోడ వైపు చూశాడు. ఏదో అనబోయాడు.

"నామీద నమ్మకం లేదా ఏంటి?" అని నవ్వాడు బావమరిది. పదేళ్లప్పుడు అక్క వెంట వచ్చి ఈ దుకాణంలోనే పెరిగినవాడు. వాడికి స్క్రూ బిగించడం నేర్పింది మేస్త్రే. ఒక్కటే పెట్టమన్నాడు.

డబ్బు వచ్చిందని తెర మీద పచ్చటి గుర్తు పడింది. ఆసామి మనుషులొచ్చి గడియారం మోసుకెళ్లారు. లోలకం విప్పి గుడ్డలో చుడుతుంటే మేస్త్రి అటు చూడలేక వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

వారం తర్వాత గది యజమానికి కట్టబోతే ఆ డబ్బు లేదు. పక్క దుకాణంలో ఫోన్లు బాగుచేసే అమ్మాయి వచ్చి సెట్టింగులు విప్పింది.

"ఇది ఒక్క కంప్యూటర్నే అడుగుతోంది బాబాయ్. అది చెప్పిన అబద్ధమే నిజమనుకుంది. మీకసలు డబ్బు రానేలేదు."

ఆ ఒక్కదాని పేరు కూడా చదివింది. చిట్టిముల్లు.

పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన రోజుల్లో బావమరిదిని మేస్త్రి పిలిచిన పేరది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాడు గానీ, వాళ్లలో ఒకడికి తనే అన్నం కలిపి పెట్టాడనుకోలేదు. దొంగతనానికి దిగినవాడు ఆ పేరైనా మార్చుకోలేదు. బావ ఈ సెట్టింగులు విప్పి చూడడని వాడికంత ధీమా. పోయిన గడియారం కన్నా, పోబోయే గది కన్నా అదే మేస్త్రి గుండెల్లో ఎక్కువ కోసింది.

ఇంటికెళ్లి, డబ్బు రాలేదని మాత్రం భార్యకు చెప్పాడు. సెట్టింగుల్లో ఏదో తేడా ఉందన్నాడు.

"దానికింత దిగులెందుకండీ? మా తమ్ముడికి అవన్నీ తెలుసుగా. వాడినొక్కడిని అడిగితే సరి," అని ఆవిడ ఫోను అందించింది.

"వాడినొక్కడినే అడిగాను," అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఫోను పట్టుకుని అలాగే నిలబడింది. అతను చెయ్యి చాపలేదు.