అద్దం అవతలి జవాబు

ఆయన నాటకమాడలేదని నాకు తెలిసింది. తెలిసీ చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

కరీంనగర్‌లో ఇంజనీరింగ్ కాలేజీలో ధ్వనిశాస్త్రం చెప్పేవాణ్ణి. గనుల మోతకు కార్మికుల చెవులు ఎంత దెబ్బతింటాయన్నది నా పరిశోధన. అందుకే మందమర్రి బొగ్గు గనుల్లో కార్మికుల వైద్య పరీక్షలప్పుడు వినికిడి చూడటానికి నన్ను పిలిచేవారు. గని పనికి అన్‌ఫిట్ అని తేలితే ఆ కార్మికుడి బదులు కొడుక్కి ఉద్యోగం వస్తుంది కాబట్టి, వినబడనట్టు నటించేవాళ్లూ వచ్చేవారు. నాకు ప్రతి చెవి మీదా అనుమానమే. వాళ్లకూ నా మీద అనుమానమే. వరండాలో ఒకాయన పక్కవాడితో నాకు వినబడేలాగే అన్నాడు:

"గీ సారు పేరువెట్టి పిలిస్తె తిరిగి చూడకు. చూసినవా, కొడుకు నౌకరి పాయె."

ఆ రోజు గనిలో డ్రిల్లు మీద పనిచేసే ఒకాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గదిలో కూర్చున్నాడు. శబ్దం వినబడితే మీట నొక్కాలి. మామూలు మాటంత శబ్దం పంపినా నొక్కలేదు. ఇవతల నా పక్కనే నిలబడ్డ ఆయన భార్య అడిగింది:

"ఏమయ్యా, బువ్వ ఇప్పుడే తింటవా?"

"జర ఆగు, అయిపోనియ్యి."

లోపలి మైకు నుంచి ఆ జవాబు నాకు స్పష్టంగా వచ్చింది. దొరికాడనుకున్నాను. డాక్టరుతో అదే చెప్పాను. ఆయన్ని ఫిట్ అని మళ్లీ గనిలోకి దించారు.

కొన్ని నెలల తర్వాత యంత్రం సరిచూడటానికి అదే గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. బయట నా విద్యార్థిని ఏదో అంటోంది. పెదవులే కదులుతున్నాయి. చప్పుడు చొరబడకుండా ఆ గది కట్టించింది నేనే. భార్య మాట ఆయన వినలేదు, చూశాడు. డ్రిల్లు మోతలో ఎదుటివాడి నోరు చూసి మాట్లాడుకోవడం వాళ్లకు రోజూ ఉన్న పనే.

వెంటనే డాక్టరుకు చెప్పాల్సింది. కానీ నాకు ప్రొఫెసర్ పదవి వచ్చే రోజు దగ్గరపడింది. నా పరీక్షలన్నిటినీ అనుమానిస్తారని నోరు మూసుకున్నాను. ఈలోగా ఆ కార్మికుడి కొడుక్కి ఉద్యోగపు వయసు దాటిపోయింది.

కిందటేడు డాక్టరుకు నిజం చెప్పాను. ఇక చేసేదేమీ లేదన్నారు. ఆ తర్వాత బెల్లంపల్లిలో ఆ కార్మికుడి ఇంటికి వెళ్లాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మల్ల పరీక్షనా సారు?"

తల వంచుకుని ఏదో గొణిగాను. భార్య అడ్డుపడింది:

"మొకం లేపి చెప్పుండ్రి. మీ నోరు కనవడకుంటె ఆయనకెట్ల తెలుస్తది?"

ముఖం ఎత్తాను.

"మీరు నాటకమాడలే. తప్పు నాది. తెలిసి గూడ దాచిపెట్టిన. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."