తలుపు మీద దీపం పట్టుకున్నామె

ప్రపంచ చరిత్రలో గొప్ప స్త్రీలు ఎందరున్నారో లెక్క తేల్చడం నావల్ల కాదు గానీ, జహీరాబాద్‌లో మా ఆడపిల్లల ప్రైవేటు కాలేజీకి మాత్రం ఏడుగురు సరిపోయారు. అంతకు మించితే గోడ చాలలేదు.

గోడ అంటే ముందుగోడ అనుకునేరు. దాని మీద 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అని ఎర్రటి అక్షరాలున్నాయి. ఏ మహారాణి దిగివచ్చినా వాటిని చెరిపే ప్రసక్తే లేదు. పక్కగోడ నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. ఇక మిగిలింది వెనక గ్రౌండు వైపు, కొత్తగా సున్నం కొట్టించిన బాత్రూముల గోడ. మా కరస్పాండెంట్ సారు బాగా ఆలోచించి, మానవజాతి నడకను మార్చిన మహిళలకు ఆ స్థలం కేటాయించారు.

నేనక్కడ చరిత్ర చెప్పేదాన్ని. ఎంపీసీ, బైపీసీ లెక్చరర్లకు ఫ్యాన్ కింద కుర్చీలు, నాకు కిటికీ పక్కన స్టూలు. అలాంటి నా దగ్గరికి సారు స్వయంగా వచ్చి, "మేడమ్, మీ సబ్జెక్టే గద, ఎవరెవర్ని ఎయ్యాల్నో జర చెప్పున్రి" అన్నారు. నేను పొంగిపోయాను. మనిషిని ఎప్పుడూ పలకరించనివాళ్ళు ఒక్కసారి పలకరిస్తే ఇలాగే ఉంటుంది. రేడియం కనిపెట్టినామె, యుద్ధంలో దీపం పట్టుకుని గాయపడ్డవాళ్ళ మధ్య తిరిగిన నర్సమ్మ, బస్సులో సీటు ఖాళీ చెయ్యనని మొండికేసిన నల్లజాతి ఆమె, మీద పేడ కొడుతున్నా వెళ్ళి ఆడపిల్లలకు పాఠాలు చెప్పిన మన దేశపు పంతులమ్మ, ఓరుగల్లు ఏలిన రాణి, అంతరిక్షంలోకి మొదట వెళ్ళినామె. ఇలా ఆరుగురిని చెప్పాను. ఏడో ఆమెను సారే చేర్చారు. వాళ్ళమ్మ. ఆవిడ ప్రపంచ చరిత్రకు చేసిన సేవ ఏమిటంటే, మా సారే.

బొమ్మలు వెయ్యడానికి వచ్చినాయన మామూలుగా లారీల వెనక నెమళ్ళు, చెరుకు ట్రాలీల మీద పువ్వులు వేస్తాడు. చెయ్యి మంచిదే. కాకపోతే ఏడుగురికీ నుదుటిన ఇంతేసి బొట్టు పెట్టాడు. రేడియం కనిపెట్టినామెకు చేతినిండా ఆకుపచ్చ గాజులు తొడిగాడు. ఇదేమిటయ్యా అంటే, "ఆడమనిషి మొఖం బోసిగుంటే మంచిగుండదు మేడమ్" అన్నాడు. అంతరిక్షంలోకి పోయినామెకు హెల్మెట్ అద్దంలోంచి కూడా బొట్టు కనబడుతోంది. సారు వెనక్కీ ముందుకీ నడిచి చూసి, "ఇప్పుడు మనోళ్ళ లెక్క ఉన్నరు" అని సంతృప్తిపడ్డారు.

ఇబ్బందల్లా తలుపుతో వచ్చింది. గోడ నడిమధ్యన బాత్రూముల్లోకి పోయే ఇనపతలుపు ఉంది కదా, దాన్ని వదిలేస్తే బొమ్మ రెండు ముక్కలవుతుందని ఆయన నర్సమ్మను తలుపు మీదే వేశాడు. గొళ్ళెం సరిగ్గా ఆమె దీపం దగ్గరికి వచ్చింది. దీపానికి పూసింది బంగారు రంగు. ఊరికే తీస్తూ మూస్తూ ఉంటే గీరుకుపోతుందని, సారు ముందురోజు సాయంత్రం గొళ్ళేనికి తాళం వేయించి తాళంచెవి జేబులో వేసుకున్నారు. బొమ్మల ఓపెనింగుకని పైన గులాబీరంగు రిబ్బను. మర్నాడే మహిళా దినోత్సవం. అసలు దినోత్సవం మార్చిలో. అప్పుడు ఇంటర్ పరీక్షలుంటాయని మా సారు దాన్ని జనవరికి జరిపేశారు. కాలేజీ సొంతం అయినప్పుడు కాలెండరు ఒక లెక్కా!

ముఖ్య అతిథి ఝరాసంగం దిక్కు ఒక ఊరి సర్పంచమ్మ. ఆ ఊరి నుంచి ఏటా మాకు ఆటోలకు ఆటోలు పిల్లలు వస్తారు. అందుకని మా సారు ఆమెలో వీరవనితను గుర్తించారు. ఆ ఊరి పిల్లనే ఒకతెను, ఫస్టియర్ నా క్లాసుపిల్లను, కత్తెర పెట్టిన పళ్ళెం పట్టుకుని రిబ్బను పక్కన నిలబెట్టారు. ఉదయం పది గంటలకు కార్యక్రమం అన్నారు. పదయింది, పదకొండయింది. పిల్లలంతా తెల్ల పైజామాల్లో ఎండలో కూర్చున్నారు. కారు జాడ లేదు. నాయకులు చెప్పిన టైముకు వస్తే వాళ్ళను ఎవరైనా గుర్తుపడతారా?

నేను 'ప్రపంచ చరిత్రలో మహిళామూర్తులు' అనే ప్రసంగం తయారుచేసుకుని, గంటకోసారి బాత్రూముకు తరిమే బీపీ గోలీ వేసుకుని, డాక్టరు చెప్పాడు కదా అని చెంబెడు నీళ్ళు తాగి వచ్చాను. నా తెలివికి నేనే మొక్కాలి. కాళ్ళు అటూ ఇటూ మారుస్తూ నిలబడి ఉంటే, ఆ పళ్ళెం పిల్ల నన్ను సైగ చేసి పిలిచింది. మొహం పాలిపోయి ఉంది.

"మేడమ్, నాకు డేట్ వచ్చింది. పొద్దుగాల ఆటోల ఉన్నప్పుడే వచ్చింది. జర తాళం తీపియ్యరా?"

అయ్యో తల్లీ అనిపించింది. నా సంచిలో ప్యాడ్ ఉంటే తీసిచ్చాను. మార్చుకునే చోటే లేదు. నా స్వెట్టర్ విప్పి దాని నడుముకు కట్టి, సారు దగ్గరికి వెళ్ళాను. సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "గెస్టులు రాకముందే తలుపు తీస్తే ఇగ ఓపెనింగ్ ఏముంటది మేడమ్? ఇంకొక్క గంట. అంత గొప్ప గొప్పోళ్ళు ఎంత ఓపిక పట్టిన్రు, మీరే చెప్తరు గద క్లాసుల" అన్నారు.

"మీ రూములో అటాచ్డ్ ఉంది కదా సార్?"

"దాంట్ల బొకేలు పెట్టినం, బకెట్ల నీళ్ళల్ల."

"బొకేలు సిగ్గుపడవు లెండి," అన్నాను. ఆయనకు వినబడిందో లేదో, కారు వస్తోందని ఎవరో అరిస్తే అటు పరిగెత్తారు.

అది కారు కాదు, మంచినీళ్ళ క్యాన్ల బండి. సందు దొరికింది కదా అని పిల్లను తీసుకుని సారు రూముకు వెళ్ళాను. లోపల కుర్చీల నిండా మనుషులు. టీ తాగుతూ, కాళ్ళు బారజాపుకుని, ఒక్కొక్కరి చొక్కాకు మహిళా దినోత్సవం బ్యాడ్జి. అందరూ మగవాళ్ళే. అది ఆర్గనైజింగ్ కమిటీ. వాళ్ళందరి మధ్యలోంచి నడిచి ఆ చివర బాత్రూం తలుపు తియ్యాలి. పిల్ల గడపలోనే ఆగిపోయింది. నడుముకు స్వెట్టర్ కట్టుకున్న పిల్లను వాళ్ళంతా తల తిప్పి చూశారు. అది వెనక్కి తిరిగి గబగబా వచ్చేసింది. బయటెక్కడైనా అంటారేమో. కాలేజీకి ఒక పక్క చెరుకుతోట, దాన్నిండా కోతకొచ్చిన కూలీలు. ఇంకో పక్క మోకాలెత్తు లేని అల్లం. ముందు బొంబాయి రోడ్డు, దాని మీద లారీలు. జహీరాబాద్ అభివృద్ధి అంతా కళ్ళముందే ఉంది, ఒక ఆడపిల్ల నక్కే చోటు తప్ప.

"మేడమ్," అంది ఆ పిల్ల గోడవైపు చూస్తూ, "ఈళ్ళందరు యాడికి పోయెటోళ్ళు?"

నేను ఏళ్ళ తరబడి ఆ పాఠాలు చెప్పాను. రాజ్యాలు, యుద్ధాలు, బహుమతులు, అన్నీ నోటికి వచ్చు. ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. దాని చెయ్యి పట్టుకుని మళ్ళీ రిబ్బను దగ్గరికే తీసుకొచ్చాను.

పన్నెండు దాటాక కారు వచ్చింది. ముందు సీట్లోంచి తెల్ల ఖద్దరు వేసుకున్న పెద్దమనిషి దిగాడు. మా సారు "సర్పంచ్ సాబ్, రాండ్రి, రాండ్రి" అంటూ ఆయన మెడలో దండ వేశారు. వెనక సీట్లోంచి ఒకామె తన తలుపు తనే తీసుకుని దిగింది. ఊరు ఓట్లేసి గెలిపించింది ఈమెనట, ఆయన ఈమె భర్త. ఫ్లెక్సీలో కూడా ఆయనది నిలువెత్తు ఫోటో, ఆమెది మూలన గుండ్రంగా అంత. వేదిక మీద సింహాసనం లాంటి కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఆమెకు చివర ప్లాస్టిక్ కుర్చీ, నా పక్కన. ఆయనకు శాలువా కప్పారు. 'మహిళలకు అండగా నిలుస్తున్నందుకు' అని మెమెంటో కూడా ఇచ్చారు.

తర్వాత ఆయన మైకు అందుకున్నాడు. ఆడది తల్లి, ఆడది చెల్లి, ఆడది భూదేవి అన్నాడు. ఇంట్లో తన భార్యకు పూర్తి స్వేచ్ఛ తనే ఇచ్చానన్నాడు. కమిటీ చప్పట్లు కొట్టింది. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను, బీపీ గోలీ తన పని తాను చేసుకుపోతోంది.

అప్పుడు సర్పంచమ్మ నావైపు వంగి గుసగుసగా అడిగింది. "మేడమ్, బాత్రూం యాడున్నది?"

నేను చేత్తో చూపించాను. "ఆ రిబ్బను వెనకాల."

"ఎప్పుడు తీస్తరు?"

"మీ వారి ప్రసంగం అయ్యాక."

ఆమె భర్తవైపు ఒకసారి చూసింది. "ఇగ అయినట్టే. ఆయన మైకు పట్టిండంటే పొద్దుగూకుతది" అంది. నేను ఇక ఆగలేక, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పిల్ల సంగతి ఆమె చెవిలో చెప్పేశాను. పొద్దుటి నుంచీ అలాగే ఉందని, తాళంచెవి సారు జేబులో ఉందని. ఆమె ఆ పిల్లను ఎగాదిగా చూసింది. స్వెట్టర్ దగ్గర ఆమె చూపు ఆగింది. తర్వాత లేచి, కొంగు దోపుకుని, మెట్లు దిగి గ్రౌండుకు అడ్డంగా నడిచి వెళ్ళింది. పళ్ళెంలో కత్తెర తీసి రిబ్బను చటుక్కున కత్తిరించింది.

కమిటీకి చప్పట్లు కొట్టాలో వద్దో తెలియలేదు. మైకులో మాట ఆగింది. "ఏమే, ఫోటోలోళ్ళు రాలే ఇంకా!" అని భర్త మైకులోనే అన్నాడు. ఊరంతా వినబడింది. మా సారు ఉరుక్కుంటూ వెళ్ళి, "మేడమ్, సర్పంచ్ సాబ్ చేతుల మీదుగ అనుకున్నం" అన్నారు.

"సర్పంచ్‌ను నేనే గద," అంది ఆమె. గొంతు పెంచలేదు కూడా. "తాళంచెవి ఇయ్యి."

ఇచ్చారు. ఏం చేస్తారు పాపం, ఆ ఊరి అడ్మిషన్లన్నీ కళ్ళముందు తిరిగి ఉంటాయి. ఆమె తాళం తీసి, పిల్ల చేతిలో పళ్ళెం తను తీసుకుని, "నువ్వు పో బిడ్డ, నిమ్మలంగ రా. నేనిక్కడ్నే ఉంట" అంది. తలుపు మూసుకున్నాక దానికి వీపు ఆనించి నిలబడింది. కాసేపటికి లోపల్నించి సన్నగా, "నీళ్ళొస్తలేవు" అని వినబడింది. గోడ తడిసి రంగు కారుతుందని మోటారు కూడా వెయ్యలేదు మహానుభావులు! సర్పంచమ్మ సారు మొహంలోకి చూసింది. ఆయన మోటారు రూముకు తనే పరిగెత్తారు. అంత వేగం ఆయనలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పిల్ల బయటికొచ్చేసరికి తలుపు ముందు పెద్ద లైను. దాంట్లో నేనూ ఉన్నాను. సిగ్గేముంది, నా ప్రసంగం ఎవరిక్కావాలి? ముందు మీరు వెళ్ళండంటే సర్పంచమ్మ వినలేదు. "ముందు పిల్లలది కానియ్యండ్రి. నాకు అలవాటే మేడమ్. మీటింగులున్ననాడు పొద్దటి సంది నీళ్ళే తాగ. సర్పంచ్ అయిన కాడికెల్లి గింతే" అంది. పిల్లలందరూ అయ్యాక, నేనూ అయ్యాక, చిట్టచివరికి వెళ్ళింది. గొళ్ళెం రాపిడికి దీపం మీద బంగారు రంగు అప్పటికే సగం ఊడిపోయింది.

ఆ తర్వాత అన్నీ మామూలే. ఫోటోగ్రాఫర్ వచ్చాడు, ఇంకో రిబ్బను కట్టారు, సర్పంచమ్మ భర్త కత్తిరించాడు, సారు వాళ్ళమ్మ బొమ్మ ముందు అందరూ నిలబడి ఫోటో దిగారు. నేను వాళ్ళను సాగనంపడానికి కారు దాకా వెళ్ళాను. ఆయన మెమెంటోను ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. ఆమె వెనక సీట్లో కూర్చుంటుంటే చేతిసంచిలో ఏదో బరువుగా ఖణేలుమంది. ఆయన వెనక్కి తిరిగి, "ఏందే గది?" అన్నాడు.

ఆమె సంచి నోరు తెరిచి, బాత్రూం తాళాన్ని తాళంచెవితో సహా చూపించింది.

"నాకు జేసిన సన్మానం," అంది.