అంబోసెలికి ఒక దస్తీ

గద్వాల బస్టాండులో ఫరీదాను ఎరగని కండక్టరు లేడు. నెత్తి మీద చీరల మూట, చేతిలో దస్తీ అనే చేతిరుమాలు, కాళ్లకు ఎప్పుడూ పరుగే. ఎత్తు మాత్రం భగవంతుడు ఆమెకు కొంచెం పిసినారితనంతో ఇచ్చాడు. బస్సు ఇంకా మలుపు తిరుగుతూ ఉండగానే ఆమె దస్తీ కిటికీలోంచి ఎగిరి లోపలి సీటు మీద వాలేది. మా ప్రాంతంలో దస్తీ పడిన సీటుకు తిరుగులేదు. దాని మీద ఎవరూ కూర్చోరు. అది ఎవరిదని అడగరు కూడా.

ఆ సీటు నాది. మానవపాడు వైపు ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెప్పేదాన్ని. ఆమె మగ్గాల వారి దగ్గర చీరలు తీసుకొని ఆ వైపు పల్లెల్లో అమ్ముకునేది. కిటికీ పక్కన కూర్చోకపోతే నాకు వాంతి అవుతుందని మొదటి పరిచయంలోనే ప్రకటించాను. అప్పటినుంచి నా పదవీ విరమణ దాకా కిటికీ నాకు. పక్కన అంచు మీద సగం కూర్చొని మూటను ఒడిలో పెట్టుకోవడం ఫరీదాకు. చంటిపిల్లల తల్లి ఎవరైనా ఎక్కితే ఆ సగం కూడా ఆ తల్లికే పోయేది. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన తరువాత ఆమెకు నిలబడడానికి కూడా చోటు దొరకడం లేదట.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చి, ఫోను నా కళ్ల ముందు పెట్టింది. తెర మీద ఒక జిరాఫీ ముళ్ల చెట్టు కొసలను తీరికగా మేస్తోంది.

“హెప్సిబా మేడం, దీన్ని సూడుండ్రి. ఎవ్వరి నెత్తీ దీనికి అడ్డం రాదు. పుట్టుకతోనే కిటికీ సీటు!”

“అది జిరాఫీ. ఆఫ్రికాలో ఉంటుంది.”

“పేరు నాకెర్కనే. ఆడికి ఎట్ల పోవాల్నో జర అర్సుకొని చెప్పుండ్రి.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“మా బిడ్డ షాజియా పెండ్లయ్యింది. చిట్టీ లేసింది. ఉమ్రాకు గూడ పోయొస్తి. ఇంగ ఇదొక్కటి కండ్లార సూడాల్నని ఉంది మేడం. గంతే.”

దారి కనుక్కొని చెప్పమంది, అంతే. నేను ఆ ఒక్క పనితో ఆగకుండా మిగిలినవన్నీ చేశాను. విరమణ పొందిన పంతులమ్మకు ఒక ప్రణాళిక దొరకడమంటే ఆకలిగొన్న మేకకు తోట తలుపు తెరిచి దొరకడమే. నైరోబీలోని ఒక ట్రావెల్స్ యజమానితో ఉత్తరప్రత్యుత్తరాలు మొదలుపెట్టాను. అంబోసెలి జాతీయ ఉద్యానవనంలో జిరాఫీలు ఉన్నాయి, ఏనుగులు మందలుగా ఉన్నాయి. అందరూ ఎగబడే నెలల్లో కాక వానల కాలంలో వెళితే ఖర్చు తగ్గుతుంది. ఉద్యానవనం లోపలి హోటళ్లలో కాక గేటు బయటి గుడారాలలో పడుకుంటే ఇంకా తగ్గుతుంది. చిన్న విమానం మానేసి నైరోబీ నుంచి రోడ్డు మీద వెళితే మరీ తగ్గుతుంది. బండి కిరాయిని పంచుకునేవారు ఎంతమంది ఉంటే అంత మేలు.

ఇక మనుషుల వేటలో పడ్డాను. మగ్గం నేసే మధుసూదన్, అతని భార్య దీపిక ఒప్పుకున్నారు. దవాఖానలో నర్సుగా చేసి విరమించిన బాలమ్మ, తన చెల్లెలితో సహా వస్తానంది. ఆరుగురమయ్యాము. ఫరీదా చిట్టీ పైసలతో సహా అందరి డబ్బూ నా దగ్గరే జమ చేశారు. ప్రతి ఆదివారం మా వరండాలో పాఠం చెప్పాను. దుమ్ములగొండికీ అడవికుక్కకూ భేదం చెప్పాను, ఎల్లో ఫీవర్ టీకా ఎందుకో చెప్పాను. చివరకు పరీక్ష కూడా పెట్టాను. బాలమ్మ, అంతటి నర్సు, మధుసూదన్ కాగితంలోకి తొంగి చూసి రాసింది. ఫరీదా ఒక జిరాఫీ బొమ్మ గీసి ఇచ్చింది. ప్రశ్నకు తగిన జవాబు కాదని సున్నా వేశాను. బొమ్మ చక్కగానే ఉంది.

అప్పుడు నైరోబీ నుంచి ఒక కబురు వచ్చింది. బండిలో ఆరుగురికీ ఆరు కిటికీలు. ఏడో మనిషి చేరితే అందరి వాటా తగ్గుతుంది గాని, ఒకరు నడుమ సీటులో కూర్చోవాలి. గద్వాలలో పుట్టినవారెవరూ ఖాళీ చోటును చూసి ఊరుకోలేరు. నలుగురు పట్టే ఆటోలో తొమ్మిదిమందిని సర్దే ఊరు మాది. ఆ సాయంత్రానికే డ్రిల్లు మాస్టరుగా చేసిన లక్ష్మణ్ సారును పట్టుకొచ్చాను.

నడుమ సీటు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది.

“మగ్గం గుంతల కూసుని కూసుని నా మెడ పట్టేసింది మేడం. గాలి ఆడకుంటె ఆగలేను,” అన్నాడు మధుసూదన్.

“నాకు గూడ కిటికీ లేకుంటె నిద్ర పట్టదు,” అంది దీపిక. సఫారీకి నిద్ర కోసం వెళ్తున్నామా అని అడగవలసింది, అడగలేదు.

“ఫరీదా ఉన్నది గద, సర్దుకుంటది,” అంది బాలమ్మ.

“బండి పైకప్పు లేస్తదంట. నిలవడి సూడొచ్చు,” అన్నాడు లక్ష్మణ్ సారు, తన ఆరడుగుల మీదినుంచి.

ఫరీదా ఏమీ అనలేదు. మౌనం అంగీకారమని రాసుకున్నాను. తరగతిలో వెనుక వరుస మాట్లాడకపోతే పాఠం అర్థమైందని నమ్మిన వృత్తి నాది.

ప్రయాణానికి ముందు ఒక అభ్యాసం ఉండాలన్నది కూడా నా ఆలోచనే. ఒక తుఫాన్ జీపు బండి మాట్లాడి, అంబోసెలిలో కూర్చోబోయే విధంగానే అందరినీ కూర్చోబెట్టి, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా మన్ననూరు అడవి దాకా తీసుకుపోయాను. కిటికీ పక్క నేను. నాకు ఆనుకొని నడుమన ఫరీదా. దారి పొడుగునా నిశ్శబ్దం పాటించాలని ఉపన్యసించాను. నల్లమలలో రోడ్డు పక్కకు చుక్కల జింకల మంద వచ్చినప్పుడు ఆ నిశ్శబ్దాన్ని మొదట భంగపరిచిందీ నేనే. “అదిగో! కొమ్ములదీ! కొమ్ములదీ!” అంటూ కిటికీ నిండా ఒరిగిపోయాను. మిగిలినవారు తమ తమ కిటికీలను నింపారు. నా వెనుక ఫరీదా లేవబోయింది, కూర్చుంది, మళ్లీ లేవబోయింది. ఈలోగా జింకలు వెళ్లిపోయాయి.

మన్ననూరులో చాయ్ తాగడానికి దిగాము. ఫరీదా గ్లాసు ముట్టలేదు.

“మేడం, నా చిట్టీ పైసలు నాకిచ్చెయ్యిండ్రి. నేను రాను.”

నా మనసులో మొదట మెదిలింది ఆమె బాధ కాదు. ఒక మనిషి తగ్గితే వాటా ఎంత పెరుగుతుందా అన్న లెక్క. నా బుద్ధి ఎంత చురుకైనదో చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

“ఏమిటమ్మా, ఇంత దూరం వచ్చాక! కొంచెం సర్దుకోలేవా?”

“సర్దుకునే గద మేడం బతికింది. ఇయ్యాల నేను జూసిన జానవర్ ఏంది? మీ కొప్పు. అది గద్వాలల గూడ కనవడ్తది, దానికి ఇమానం ఎక్కుడెందుకు?”

“బండి పైకప్పు లేస్తుంది కదా, నిలబడి...”

“బతుకంత బస్సుల నిలవడ్డ. ఆఫ్రికాకు పోయి గూడ నిలవడాల్నా? నిలవడ్డ గాని నాకు కనవడేది ఆ పైకప్పు అంచే.”

అది నిజం. జిరాఫీ కావాలన్నది ఆమె. ప్రణాళిక నాది, కిటికీ నాది, నడుమ సీటు ఆమెది. చాయ్ చల్లారిపోయింది. నాకు తోచిన పనేమో నేను జీవితంలో ఎన్నడూ చేయనిది. లేచి బండి దగ్గరకు వెళ్లి, చేతిసంచిలోని దస్తీ తీసి, బయటనుంచే కిటికీలోకి విసిరాను.

ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టిన దస్తీ అది. గాలికి విచ్చుకొని, కిటికీ దాటి, చాయ్ మానేసి వెనుక సీటులో కునుకు తీస్తున్న మధుసూదన్ ముఖం మీద పరుచుకుంది. అతడు కెవ్వుమన్నాడు. “అయ్యో, కోతి!” అంటూ దీపిక పరుగెత్తుకొచ్చింది.

ఫరీదా పడి పడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని నా పక్కకు వచ్చింది.

“గట్ల గాదు మేడం. ఇన్నేండ్లు జూసి గూడ నేర్సుకోకపోతిరి! కొసకు ముడి ఎయ్యాలె. బరువుండాలె.”

“వేసి చూపించు.”

“ఎవరికోసం?”

“నీకోసమే ఫరీదా.”

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తరువాత తన నీలం గళ్ల దస్తీ కొసకు ముడి వేసి, చేతిని కొంచెం మాత్రమే ఆడించింది. అది వెళ్లి కిటికీ పక్క సీటు నడిబొడ్డున కూర్చుంది. మా వాళ్లెవరూ మారు మాట్లాడలేదు. దస్తీ పడ్డ సీటు కదా.

“అంబోసెలిల గూడ ఇది నాదే,” అంది ఫరీదా.

“నీదే.”

“అయితే చిట్టీ పైసలు మీతాన్నే ఉండనియ్యిండ్రి.”

తిరుగు ప్రయాణంలో నేను నడుమన కూర్చున్నాను. ఫరీదా అలవాటు కొద్దీ ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టింది. నాగర్‌కర్నూల్ దాటాము. వాంతి రాలేదు; వచ్చే సూచన కూడా లేదు. ఉద్యోగ జీవితమంతా కాపాడుకున్న నా వాంతి అంత నిరాధారమైనదని అప్పుడే తెలిసింది. అయినా మర్యాద కోసం కవరును గట్టిగా పట్టుకొనే కూర్చున్నాను.

కోడేరు పోయే దారి చీలిక దాటాక ఫరీదా ఒక్కసారిగా కిటికీ నిండా ఒరిగింది.

“మేడం! మేడం! సూడుండ్రి! మేకలు రెండు కాళ్ల మీద నిలవడి తుమ్మకొమ్మలు అందుకుంటున్నయ్! మెడలు ఎంత సాపినయో సూడుండ్రి, మన పాలమూరు జిరాఫీలు!”

నాకు ఆమె దుపట్టా తప్ప ఏమీ కనబడలేదు. మెడ చాచాను, లేవబోయాను, కూర్చున్నాను.

“చాలా బాగున్నాయి, ఫరీదా,” అన్నాను.