తోక తెంపిన ముడి

ఉధ్నా స్టేషన్‌లో బండి ఆగినప్పుడు మగ్గాల ధూళి మధ్యాహ్నపు ఎండలో మెరుస్తూ కిటికీలోంచి లోపలికి వచ్చింది. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఎదుటి సీట్లోని పెద్దావిడ నవ్వింది. ఆ పక్కనే ఉన్న లింబాయత్‌లో మరమగ్గాల మీద తెగిన పోగులు అతకడం ఆమె పని. ఊడిపోయిన నా సంచి పట్టీని అందుకుని తన దారంతో కడుతూ, ఏం చదువుతున్నావని అడిగింది.

"ఈస్ట్ గురించమ్మా, రొట్టె పిండిని పొంగించేది. దాని కణంలో డీఎన్‌ఏ దెబ్బతింటే అతకడానికి కొన్ని ప్రొటీన్లు వస్తాయి."

ఆమె ముడి బిగించింది. "అతికినోడు పనైనంక ఏడికి పోతడు బిడ్డా?"

కణమే వాటిని ముక్కలు చేసేస్తుందని చెప్పాను. అలా ముక్కలు కాకుండా నేను ఆపి చూస్తే డీఎన్‌ఏలో తప్పులు పెరిగాయనీ, పొరపాటు నాదేననుకుని ఈస్ట్ పెంచిన ప్లేట్లన్నీ పారేయబోతున్నాననీ కూడా చెప్పేశాను.

"ముడి ఏస్తే సాలదు. తోక తెంపకుంటే పక్క పోగులను గుంజుతది. అవి గూడ తెగుతయ్."

వంగి, ముడి పక్కన మిగిలిన దారాన్ని పంటితో పుటుక్కున తెంపి బండి కదులుతుంటే కిటికీలోంచి వదిలింది. ఆ ముక్క కింద పడకుండా చాలాసేపు బండితో పాటే తేలుతూ వచ్చినట్టు నాకు గుర్తు. ఆమె ఎక్కడ దిగిందో మాత్రం గుర్తులేదు.

ప్లేట్లు పారేయలేదు. సంచి ఇప్పటికీ వాడుతున్నాను. ముడి మీద వేలు పెట్టి చూస్తే తోక తగలదు.