సున్నా నుంచి గీసిన గీత

మా గ్రాఫుల సార్ పోయారని పోయిన వారం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను సోమాజిగూడ ఆఫీసులో ఎవరికోసమో ఒక గ్రాఫుకు రంగులు దిద్దుతున్నాను. ఫోన్ పెట్టేసి ఆ పని పూర్తి చేశాను. ఏడుపు కంటే ముందు సిగ్గే వచ్చింది.

ఎర్రమంజిల్‌లో సర్కారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో మాకు గ్రాఫులు గీయడం నేర్పారు. అందరం కంప్యూటర్ల మీద పడుతుంటే గళ్ల కాగితం, చెక్కిన పెన్సిలు చేతికిచ్చేవారు. "ముందుగాల చేత్తో గియ్యి బిడ్డా. తప్పు ఏడున్నదో చెయ్యికే ఎరుకైతది" అనేవారు.

ఎస్.ఆర్. నగర్‌లో సార్ డాబా గోడకు ఒక థర్మామీటరు ఉండేది. రోజూ అన్నానికి కూర్చునే ముందు వేడి ఎంతుందో చూసి నోటుబుక్కులో ఎక్కించేవారు, ఏళ్ల తరబడి. వాళ్ల వీధిలో చెట్లు కొట్టి పార్కింగు కడతానని ఒక బిల్డరు వచ్చినప్పుడు ఆ పుస్తకం నాకిచ్చారు. "లోకం వేడెక్కుతున్నదని పేపర్ల వస్తె మనోళ్లు పేజీ తిప్పేస్తున్నరు. మన గల్లీ సంగతి బొమ్మేసి చూపియ్యి జర."

ఆ బిల్డరు మా ఆఫీసు క్లయింటేనని నేను సార్‌కు చెప్పలేదు. ఈ గ్రాఫు సంగతి తెలిసి, "అంకెలు మార్చకండి, గీత మాత్రం భయపెట్టకూడదు" అన్నారు మా మేనేజరు. నేను నిలువు స్కేలును సున్నా దగ్గర మొదలుపెట్టాను. ఎండ సున్నాకు ఎన్నడూ దిగని ఊరు మనది. ఒకటి రెండు డిగ్రీల పెరుగుదల ఆ ఎత్తులో కంటికి ఆనలేదు, గీత చదునుగా పడుకుంది. అలా గీయకూడదని నేర్పింది సారే.

చెట్ల విషయం తేల్చడానికి బిల్డరు వీధివాళ్లను పిలిచి పంజాగుట్టలో మీటింగ్ పెట్టాడు. సార్ ఇస్త్రీ చొక్కాతో ముందు వరుసలో కూర్చుని, పక్కాయనతో "మా బిడ్డనే గీసింది" అంటున్నారు. నా గ్రాఫు కాపీలు పంచారు. చెట్లు కొట్టడానికి ఒప్పుకుంటూ వీధివాళ్లు నిశ్చింతగా సంతకాలు పెట్టారు. బయటికొచ్చాక సార్ ఒక్క మాటన్నారు. "అంకెలన్నీ కరెక్టే బిడ్డా." తిట్టి ఉంటే బాగుండేది.

చెట్లు కొట్టేశారు. నడిచి వెళ్లగల దూరానికి నోటుబుక్కును కొరియర్‌లో పంపాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. నిజానికి అది కాదు, ప్రమోషన్ మీద కన్నేశాను.

పదోరోజున వెళ్తే సార్ భార్య ఆ పుస్తకమే తెచ్చారు. "సారు నీకే ఇయ్యమన్నరు." చివర్లో ఆనాటి నా గ్రాఫు అతికించి ఉంది. ఎదుటి పేజీలో గళ్ల కాగితం. సరైన స్కేలు వేసి, మొదటి కొన్నేళ్లకు మాత్రం పెన్సిలుతో గీత గీసి వదిలేశారు. గీత ఆగినచోట సార్ చేతిరాత: "ఈడికెల్లి బిడ్డ గీస్తది." ఆ తర్వాత అన్నీ ఖాళీ గళ్లే.