గూబకు అన్నం పెట్టిందెవరు

మా పక్కతోట రైతు గుడ్లగూబను రాళ్లతో కొట్టి చంపాడు. అది అరిస్తే ఇంట్లో చావు వస్తుందట! అతని చింతచెట్టు తొర్రలో దాని పిల్లలున్నాయి, జంటపక్షి ఇంకా వాటికి మేత తెస్తోంది. ఇక చెట్టే కొట్టేస్తానన్నాడు. నేను వెళ్లి పోట్లాడాను, వినలేదు.

అప్పుడు మా పక్కింట్లో అద్దెకున్న సైన్సు టీచరమ్మను పిలుచుకువెళ్లాను. చిన్నప్పుడే బడి మానేసి, దొరికిన పుస్తకమల్లా సొంతంగా చదువుకున్న నాకు, విసుక్కోకుండా జవాబులు చెప్పిన మనిషి ఆమె. ఏ ప్రాణి కనబడినా ఆమెది ఒకటే ప్రశ్న: "దీనికి అన్నం యాడనుంచి వచ్చిందప్పా?" వెనక్కి వెనక్కి వెళ్లి ఎండ దాకా చేరితేగాని వదిలేది కాదు. ఆ ప్రశ్న నేర్పినందుకు ఈనాటికీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ రోజు చెట్టు కింద గూబ అరగక కక్కిన బొచ్చుఉండను ఏరి, రైతు అరుగు మీదే పుల్లతో విప్పింది. ఎలుక పుర్రెలు బయటపడ్డాయి.

"ఎండతో మీ రాగిపైరు పెరిగింది. దాన్ని ఎలకలు తినినాయి. తినిందాంట్లో శానా మటుకు వాటి పరుగులకీ ఒంటివేడికీ అయిపోతుంది, ఒంట్లో మిగిలేది కొంచెమే. అందుకే ఈ ఒక్కదాని కడుపు నిండాలంటే అన్ని ఎలకలు కావాల. చెట్టు కొట్టి మిగిలిన దీన్నీ పోగొడితే అవన్నీ యాడికి పోతాయప్పా?"

"నీ గాదెలోకే!" అని అరిచాను నేను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

రైతు ఒక పుర్రెను వేలితో తిప్పి చూశాడు.

"చెట్టు కొట్టన్లేమ్మా. రేత్రి అది అరిచినప్పుడు మాత్రం, మా ఇంటామెకు మీరే వచ్చి చెప్పల్ల."